చిలమత్తూరులో పైథాన్

హైదరాబాద్ నుంచి బెంగళూరు పోయే 44వ నంబరు జాతీయ రహదారి మీద, ఆంధ్రప్రదేశ్ ఇంక అయిపోతుందనగా కొడికొండ చెక్‌పోస్టు వస్తుంది. అక్కడ కుడిచేతి వైపు తిరిగితే లేపాక్షి, హిందూపురం దారి. కార్లలో వచ్చేవాళ్ల ధ్యాసంతా లేపాక్షి నంది మీద, వేలాడే స్తంభం మీదే. దారిలో తగిలే చిలమత్తూరును అద్దంలోంచి చూసి వెళ్లిపోతారు. మహా అయితే టీకి ఆగుతారు. నిన్నమొన్నటి దాకా అనంతపురం జిల్లా. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాక శ్రీసత్యసాయి జిల్లాలోకి వచ్చింది. ఎన్టీఆర్ గెలిచిన, ఇప్పుడు బాలకృష్ణ గెలుస్తున్న హిందూపురం నియోజకవర్గంలో ఒక మండలం అంటే మాత్రం రాష్ట్రంలో ఎవరైనా చప్పున గుర్తుపడతారు.

కాస్త ముందుకు పోతే కర్ణాటక. ఇంట్లో తెలుగు, బజారులో తెలుగు కన్నడం రెండూ. చేలో చెనిక్కాయ, నీళ్లున్న చోట మల్బరీ. పట్టుగూళ్లు హిందూపురం మార్కెట్టుకు పోతాయి. నీళ్లున్న చోట అని ఊరికే అనలేదు. ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడాది సగటు వాన 552 మిల్లీమీటర్లు. దేశంలో బాగా తక్కువ వాన పడే జిల్లాల్లో ఇదొకటని ఇక్కడి పిల్లలు ఎక్కాలతో పాటు నేర్చుకుంటారు. ఆ 552 కూడా పడాల్సినప్పుడు పడదు. విత్తనం వేశాక ముఖం చాటేసి, కాయలు పీకి కుప్ప వేశాక కురుస్తుంది.

ఈ మండలానికి చదువుతో, కంప్యూటర్లతో ముడిపడిన పెద్ద కథ ఒకటుంది. చిలమత్తూరు, గోరంట్ల మండలాల్లో ఎనిమిది వేల ఎనిమిది వందల ఎకరాలకు పైగా భూమిని లేపాక్షి నాలెడ్జ్ హబ్ పేరుతో కేటాయించారు. సైన్సు, టెక్నాలజీ పార్కు వస్తుందన్నారు. బెంగళూరు విమానాశ్రయం దగ్గరే కాబట్టి ఉద్యోగాలు ఇక్కడికే నడిచొస్తాయన్నారు. పార్కు రాలేదు. భూముల వ్యవహారం సీబీఐ కేసుల్లోకెక్కింది. పొలం ఇచ్చిన రైతు కొడుకు మాత్రం అదే రహదారి మీద బస్సెక్కి బెంగళూరుకే పోయాడు. ఈ మధ్యలో చుట్టుపక్కల కొన్ని వచ్చాయి. పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీలో 2019 నుంచి కార్లు తయారవుతున్నాయి. పాలసముద్రంలో కస్టమ్స్ అధికారుల శిక్షణ అకాడమీ 2024 జనవరిలో మొదలైంది. కానీ జ్ఞానం పేరు పెట్టుకున్న భూమిలో ఇంకా కంపచెట్లే.

నేను చెప్పొచ్చింది ఆ భూముల సంగతి కాదు. అన్ని వేల ఎకరాలు అక్కర్లేని జ్ఞానం సంగతి. ముప్పై మెగాబైట్ల లోపు సైజు, పైసా ఖర్చు లేదు, ఒకసారి దించుకుంటే నెట్ లేకున్నా పనిచేస్తుంది. పేరు పైథాన్. నెదర్లాండ్స్‌కు చెందిన గిడో వాన్ రాసమ్ 1989 డిసెంబరులో మొదలుపెట్టి 1991లో లోకానికి ఇచ్చిన ప్రోగ్రామింగ్ భాష. పేరు పాము మీద పెట్టింది కాదు, మాంటీ పైథాన్ అనే బ్రిటిష్ హాస్య బృందం మీద అభిమానంతో పెట్టింది. దాన్ని కంప్యూటర్‌లో వేసుకుంటే వెంట ఐడిల్ అనే చిన్న కిటికీ కూడా వస్తుంది. కోడ్ రాసే ఎడిటరూ అదే, రాసింది నడిపి చూసే షెల్లూ అదే. మాంటీ పైథాన్ బృందంలోని ఎరిక్ ఐడిల్ గుర్తుగానే దీనికా పేరు వచ్చిందంటారు. అనంతపురం జేఎన్‌టీయూ సిలబస్‌లో పైథాన్ ఉంది, సీబీఎస్ఈ పదకొండో తరగతిలో ఉంది. కాబట్టి ఈ మండలం పిల్లల్లో ఇంజినీరింగు గడప తొక్కిన ప్రతివాళ్లూ ఎప్పుడో ఒకప్పుడు ఆ కిటికీ ముందు కూర్చోక తప్పదు.

కూర్చున్నాకే తిప్పలు. పుస్తకంలో ప్రోగ్రాం ఉంటుంది, దాన్ని ఎక్కడ కొట్టాలో ఉండదు. పరీక్షకు కావాల్సింది ప్రోగ్రామే కాబట్టి అయ్యవార్లు కూడా మెనూల జోలికి పోరు. పట్నం పిల్లలకు ఆ మెనూలు అన్నో అక్కో చూపిస్తారు. ఇంట్లో మొదటి కంప్యూటర్ తనదే అయిన పిల్లకు ఎవరు చూపిస్తారు?

మా అక్క కూతురు హిందూపురంలో డిగ్రీ చదువుతోంది. ఎవరో వాడి వదిలేసిన ల్యాప్‌టాప్ ఒకటి సంపాదించింది. ఓ ఆదివారం మధ్యాహ్నం ఫోను. "మామా, అంతా సరిగ్గానే కొట్టినా. సేవ్ కూడా చేసినా. మళ్లీ తెరిస్తే నడవలేదు. సిస్టం చెడిపోయిందేమో." ఏం సేవ్ చేశావు మే అని అడిగితే తెలిసింది. షెల్‌లో వరసగా కొట్టిన పదిహేను లైన్లను, వాటి ముందు వచ్చే >>> గుర్తులతో, మధ్యలో వచ్చిన జవాబులతో సహా ఫైలుగా దాచింది. అది నడవదు. ఐడిల్ మొదలుపెట్టిన వాళ్లలో నూటికి తొంభై మంది పడే గుంట ఇదే అని నా అనుమానం.

షెల్ సంతలో నోటి బేరం లాంటిది, ఎడిటర్ రాసుకున్న కాగితం. షెల్‌లో ఒక లైను కొట్టి ఎంటర్ నొక్కితే అప్పటికప్పుడు జవాబు వస్తుంది, మూసేస్తే పోతుంది. పది రోజులు ఉండాల్సింది ఎడిటర్‌లో రాయాలి. ఐడిల్ తెరవగానే వచ్చేది షెల్. అందులో ఫైల్ మెనూ తెరిచి న్యూ ఫైల్ నొక్కితే (కంట్రోల్, ఎన్ కలిపి నొక్కినా అదే) ఎడిటర్ వస్తుంది. రెండు కిటికీలూ తెల్లగా ఒకేలా ఉంటాయి, అక్కడే మోసపోతాం. తేడా పట్టుకోవాలంటే పైనున్న మెనూ వరస చూడాలి. షెల్, డీబగ్ అని ఉంటే అది షెల్ కిటికీ. ఫార్మాట్, రన్ అని ఉంటే అది ఎడిటర్. ఈ ఒక్క ముక్క మొదటి రోజే చెబితే సగం ఏడుపులు ఉండవు.

ఆ పూట ఫోన్లోనే పాఠం మొదలైంది. పుస్తకంలోని ఫిబొనాచ్చి వరస పక్కన పెట్టి వాన తీసుకున్నాం. షెల్‌లో ‘వాన = [12, 0, 1.5, 34, 6]’ అని కొట్టమన్నాను. ఐదు రోజుల వాన, మిల్లీమీటర్లలో, ఊరికే ఉదాహరణకు. పేరు తెలుగులో పెట్టొచ్చా అని దానికి అనుమానం. 2008లో వచ్చిన మూడో పైథాన్ నుంచి పెట్టొచ్చు. సమ్ అనే ఆదేశానికి ఆ వానను అప్పజెప్తే 53.5 అని నీలం రంగులో జవాబు వచ్చింది. సరదాగా ఊరి పేరు కూడా కొట్టి అక్షరాలెన్నో లెక్కపెట్టమని లెన్ అనే ఆదేశాన్ని అడిగింది. మనకు చిలమత్తూరు ఐదక్షరాలు. పైథాన్ పది అంది. గుడులూ కొమ్ములూ పొల్లూ విడివిడిగా లెక్కేస్తుంది మరి. "ఇది మన అయ్యవారి కన్నా చాదస్తం మామా" అంది.

అసలు లెక్క అప్పుడు మొదలైంది. వాతావరణ శాఖ లెక్కలో రోజుకు 2.5 మిల్లీమీటర్లు, అంతకు మించి పడితేనే అది వర్షపు రోజు. నాలుగు చినుకులు రాలితే లెక్కలోకి రాదు. ఆ ఐదు రోజుల్లో వర్షపు రోజులెన్ని? దీనికి ఎడిటర్‌లో నాలుగైదు లైన్లు రాయాలి. ఫర్ అనే వలయం, దాని లోపల ఇఫ్ అనే షరతు. షరతు చివర కోలన్, అంటే రెండు చుక్కలు, పెట్టడం మరిచింది. రాశాక రన్ మెనూలో రన్ మాడ్యూల్, కీబోర్డులో అయితే ఎఫ్5. ముందు సేవ్ చేయాలా అని అడుగుతుంది, చేస్తేనే నడుపుతుంది. సేవ్ చేయగానే తప్పుందని ఒక చిన్న పెట్టె వచ్చింది, లైను చివర ఎర్రగా మెరిసింది. కొత్త రకం పైథాన్ అయితే అక్కడ కోలన్ కావాలని సూటిగా చెబుతుంది. పాతది తప్పు అని మాత్రం అని ఊరుకుంటుంది. ఎరుపు చూసి పిల్ల బెదిరింది. ఎర్రదనం చూసి భయపడకూడదని, అది వేలు పెట్టి చూపించడమేనని చెప్పాను. చుక్కలు పెట్టి మళ్లీ ఎఫ్5. జవాబు 3. ఎలాగో తనే తేల్చింది: 12, 34, 6 లెక్కకొచ్చాయి, 1.5 రాలేదు. షరతులో 2.5 బదులు సున్నాకు మించి అని మార్చి చూసింది, 4 వచ్చింది. కరువు మండలాలను తేల్చే లెక్కల్లో ఇలాంటి హద్దు ఎక్కడ గీశారన్నదాని మీద ఎంత ఆధారపడుతుందో ఈ ఊరి రైతుకు వేరే చెప్పనక్కర్లేదు.

ఇఫ్ కింద లైన్లు లోపలికి జరిగి ఉండటం పైథాన్‌లో అందం కోసం కాదు, అదే వ్యాకరణం. ఒక లైను మూడు ఖాళీలు, ఇంకో లైను నాలుగు ఖాళీలు అయితే ఒప్పుకోదు. ఒక్కొక్క లైనూ కుస్తీ పట్టకుండా, లైన్లన్నీ ఎంచుకుని ఫార్మాట్ మెనూలో ఇండెంట్ రీజియన్ నొక్కితే మొత్తం ఒకేసారి లోపలికి జరుగుతాయి. డీడెంట్ నొక్కితే బయటికి. కొన్ని లైన్లను చెరపకుండా తాత్కాలికంగా ఆపాలంటే కామెంట్ ఔట్ రీజియన్. ఆప్షన్స్‌లో షో లైన్ నంబర్స్ పెట్టుకుంటే ఏడో లైనులో తప్పు అన్నప్పుడు వేలితో లెక్కపెట్టుకోనక్కర్లేదు. ఇది 2019 నుంచే ఉంది.

షెల్ మెనూలో నాకు ప్రాణమైనవి రెండు. ప్రీవియస్ హిస్టరీ (ఆల్ట్, పి) అంతకుముందు కొట్టిన లైన్లను వెనక్కి తెస్తుంది, మళ్లీ కొట్టే పని లేదు. రీస్టార్ట్ షెల్ పాత లెక్కలన్నీ తుడిచి కొత్తగా మొదలుపెడుతుంది. ప్రోగ్రాం ఆగకుండా తిరుగుతుంటే ముందు కంట్రోల్, సి. అయినా ఆగకపోతే ఈ రీస్టార్ట్. డీబగ్ మెనూను మొదటి నెలలో ముట్టుకోకపోయినా నష్టం లేదు. హెల్ప్ మెనూలో టర్టిల్ డెమో ఉంది, చిన్నపిల్లలు పక్కన ఉంటే అది తెరవండి, తాబేలు బొమ్మలు గీస్తుంటే కదలరు.

కరెంటు సంగతి చెప్పకపోతే ఇది మన ప్రాంతపు పాఠం కాదు. బ్యాటరీ చచ్చిపోయిన ల్యాప్‌టాప్ కరెంటు పోగానే ఆగిపోతుంది. ఐడిల్ తనంతట తాను ఐదు నిమిషాలకోసారి దాచిపెట్టదు. నాలుగు లైన్లకోసారి కంట్రోల్, ఎస్ నొక్కడం చేతికి అలవాటు కావాలి. ఇంకో జాగ్రత్త, ఫైలుకు రాండమ్ అనో టర్టిల్ అనో పేరు పెట్టకూడదు. పైథాన్‌లో ఆ పేర్లతో సొంత మాడ్యూళ్లు ఉన్నాయి. అవి పిలిస్తే మీ ఫైలు పలుకుతుంది, ఏమీ అర్థం కాని తప్పులొస్తాయి.

ఒక చిన్న చురక. ఆప్షన్స్‌లో కాన్ఫిగర్ ఐడిల్ తెరిస్తే అక్షరాల సైజు పెంచుకునే చోట, ఏ లిపి ఎలా కనబడుతుందో చూపే నమూనా ఉంటుంది. అందులో దేవనాగరి ఉంది, తమిళం ఉంది. తెలుగు లేదు. ప్రపంచంలో ఏ సాఫ్ట్‌వేర్ కంపెనీలో చూసినా మనవాళ్లే అని చెప్పుకుంటాం. ఐడిల్ కోడ్ గిట్‌హబ్‌లో బాహాటంగా ఉంది, ఎవరైనా మార్పు పంపొచ్చు. ఇన్నేళ్లయినా తెలుగు నమూనాకు కావాల్సిన రెండు లైన్లు అందులో చేరలేదు. ఆ పని ఈ మండలం పిల్ల ఎవరైనా చేస్తే నేను ఇంకో ఆదివారం ఇంకో కథనం రాస్తాను.

చిలమత్తూరు, లేపాక్షి, గోరంట్ల నుంచి పోయి బెంగళూరులో ఉద్యోగాలు చేస్తున్నవాళ్లకు ఒక మాట. మీ ఇంట్లో మూలన పడేసిన ల్యాప్‌టాప్ ఉంటే పండక్కి వచ్చేటప్పుడు తెచ్చి మీరు చదివిన బడికి ఇవ్వండి. అందులో విండోస్ 7 ఉంటే పైథాన్ 3.8 వేయండి, దానికి పైది అందులో ఎక్కదు. ఇచ్చేసి ఫోటో దిగి వెళ్లిపోకండి. ఒక పూట పక్కన కూర్చుని న్యూ ఫైల్ ఎక్కడుందో, ఎఫ్5 నొక్కితే ఏమవుతుందో, ఎర్రగా వస్తే ఏం చేయాలో చూపించి వెళ్లండి.