పిల్లల్ని డూన్, రిషి వ్యాలీ లాంటి బోర్డింగ్ స్కూల్లో వేయాలా? ఫీజు కట్టే ముందు తేల్చుకోవాల్సిన విషయాలివే..

బంధువుల అబ్బాయి డెహ్రాడూన్‌లో చదువుతున్నాడు. ఆఫీసులో ఒకరి పాప ఊటీలో చదువుతోంది. సెలవులకు వచ్చినప్పుడు ఇంగ్లీష్ గడగడా మాట్లాడుతున్నారు, తమ బట్టలు తామే సర్దుకుంటున్నారు, పెద్దవాళ్లతో భయం లేకుండా కబుర్లు చెబుతున్నారు. అది చూసిన ప్రతి అమ్మానాన్నకీ ఒక్కసారైనా అనిపిస్తుంది: మనవాణ్ణి కూడా పంపిస్తే?

దూరపు కొండలు నునుపు అంటారు. ఈ కొండల మీద నిజంగానే మంచి స్కూళ్లు ఉన్నాయి. కానీ మంచి స్కూల్ కావడం వేరు, మీ పిల్లాడికి మంచిది కావడం వేరు. ఆ తేడా ఎక్కడ తెలుస్తుందో చూద్దాం.

అసలు ఏ స్కూళ్ల గురించి మాట్లాడుతున్నాం?

డెహ్రాడూన్‌లోని డూన్ స్కూల్ 1935లో మొదలైంది. ఇది అబ్బాయిలకు మాత్రమే. అజ్మీర్‌లోని మేయో కాలేజీ 1875 నాటిది. ఊటీ దగ్గర లవ్‌డేల్‌లో ఉన్న లారెన్స్ స్కూల్ 1858లో పెట్టింది. అమ్మాయిలకు డెహ్రాడూన్‌లోనే వెల్హామ్ గర్ల్స్ స్కూల్ ఉంది. మన దగ్గర చూస్తే మదనపల్లె సమీపంలో జిడ్డు కృష్ణమూర్తి స్థాపించిన రిషి వ్యాలీ ఉంది. ఆయన పుట్టింది కూడా మదనపల్లెలోనే.

మన రెండు రాష్ట్రాల్లో "రెసిడెన్షియల్" అనగానే చాలామందికి గుర్తొచ్చేది ఇంటర్ కార్పొరేట్ హాస్టల్. అక్కడ ర్యాంకే లక్ష్యం. ఈ పాత బోర్డింగ్ స్కూళ్ల పద్ధతి వేరు. ఆటలు, నాటకం, సంగీతం, కొండలెక్కడం, డిబేట్లు.. ఇవన్నీ చదువులో భాగమే. రిషి వ్యాలీలో అయితే పిల్లల్ని ఒకరితో ఒకరిని పోల్చడమే వద్దంటారు. ఐఐటీ ర్యాంకు కోసం ఇక్కడ చేర్పిస్తే ఇటు పిల్లాడికీ, అటు మీకూ నిరాశే మిగులుతుంది.

మొదటి ప్రశ్న: ఎందుకు పంపుతున్నారు?

ఇది మొహమాటం లేకుండా అడుక్కోవాల్సిన ప్రశ్న. సాధారణంగా వినిపించే కారణాలు నాలుగు.

ఒకటి, ఉద్యోగ బదిలీలు. రెండేళ్లకో ఊరు మారే కుటుంబంలో పిల్లలకు ఒకేచోట చదువు కుదరడం నిజమైన అవసరం.

రెండు, పిల్లల ఇష్టం. వాళ్లే చూసి, తెలుసుకుని, వెళ్తామని అడిగితే అంతకంటే బలమైన కారణం లేదు.

మూడు, "మాట వినట్లేదు, ఫోన్ వదలట్లేదు, అక్కడ వేస్తే దారికొస్తాడు". ఇక్కడ జాగ్రత్త. పిల్లలకు ఇది చదువులా అనిపించదు, శిక్షలా అనిపిస్తుంది. ఇంట్లో గొడవ ఉంటే అది పెట్టెతో పాటే హాస్టల్‌కి వెళ్తుంది.

నాలుగు, పరువు. నలుగురిలో చెప్పుకోవడానికి బాగుంటుంది. ఎవరూ పైకి అనరు గానీ, చాలా నిర్ణయాల వెనక ఇదీ ఉంటుంది.

మీ కారణం మొదటి రెండింట్లో ఉంటే ముందుకెళ్లొచ్చు. చివరి రెండింట్లో ఉంటే ఒక ఏడాది ఆగినా నష్టం లేదు.

పెద్దయ్యాక సక్సెస్ అయితే చాలా?

ఈ స్కూళ్ల పూర్వ విద్యార్థుల లిస్ట్ చూస్తే కళ్లు తిరుగుతాయి. మాజీ ప్రధాని రాజీవ్ గాంధీ, ఒడిశా మాజీ సీఎం నవీన్ పట్నాయక్, రచయితలు విక్రమ్ సేథ్, అమితావ్ ఘోష్.. అందరూ డూన్‌లో చదివినవాళ్లే.

కానీ వీళ్లలో విక్రమ్ సేథ్ సంగతి వినండి. ప్రపంచం మెచ్చిన రచయిత అయ్యాక, 1992లో ఆయన్ని అదే స్కూల్ వేడుకకు ముఖ్య అతిథిగా పిలిచారు. వేదిక మీద ఆయన దాచుకోకుండా చెప్పారు.. ఇక్కడున్న ఆరేళ్లూ తీవ్రమైన ఒంటరితనం అనుభవించానని, చదువు మీద ఆసక్తి ఎక్కువ, ఆటల మీద తక్కువ కావడంతో తోటివాళ్లు, సీనియర్లు ఏడిపించేవారని. స్కూల్ తనకు ఇచ్చిన మంచినీ ఆయన కాదనలేదు.

మనం పట్టుకోవాల్సింది ఇదే. రిజల్ట్ బాగున్నంత మాత్రాన ఆ పిల్లాడు అక్కడ బాగున్నాడని అర్థం కాదు. వాడు బాగున్నాడో లేదో మధ్యలోనే తెలుసుకునే దారి మీ చేతిలో ఉండాలి.

ఏ వయసులో పంపాలి?

కొన్ని స్కూళ్లు 4, 5 తరగతుల నుంచే తీసుకుంటాయి. డూన్‌లో ఎక్కువగా 7, 8 తరగతుల్లో ప్రవేశాలుంటాయి. అంటే సుమారు 12 ఏళ్లు.

చిన్న వయసులో పంపే సంప్రదాయం బ్రిటన్‌లో బలంగా ఉండేది. ఏడెనిమిదేళ్లకే హాస్టల్‌కి వెళ్లి పెద్దవాళ్లయిన కొందరిలో కనిపించే మానసిక ఇబ్బందులకు అక్కడి సైకోథెరపిస్ట్ జాయ్ షావెరియన్ "బోర్డింగ్ స్కూల్ సిండ్రోమ్" అని పేరు పెట్టారు. మనసులో మాట బయటపెట్టలేకపోవడం, ఎవరితోనూ దగ్గర కాలేకపోవడం వాటిలో ముఖ్యమైనవి. వెళ్లిన ప్రతివాళ్లకీ ఇలా అవుతుందని కాదు. కానీ తన బాధను తాను మాటల్లో చెప్పగలిగే వయసు వచ్చేదాకా ఆగడం మంచిదని దీన్నిబట్టి అర్థమవుతుంది.

చదువు నిజంగా మెరుగవుతుందా?

దీనికి ఫ్రాన్స్‌లో ఆసక్తికరమైన ఆధారం దొరికింది. పారిస్‌కు కొంత దూరంలో, వెనకబడిన కుటుంబాల్లోని చురుకైన పిల్లల కోసం ఒక బోర్డింగ్ స్కూల్ పెట్టారు. సీట్ల కంటే దరఖాస్తులు ఎక్కువ రావడంతో లాటరీ తీశారు. సీటు వచ్చినవాళ్లనీ, రానివాళ్లనీ పరిశోధకులు పోల్చి చూశారు. ఆ అధ్యయనం 2017లో అచ్చయింది.

మొదటి ఏడాది మార్కుల్లో తేడా ఏమీ లేదు. పైగా హాస్టల్ పిల్లలు ఇంటి దగ్గర ఉన్నవాళ్ల కంటే దిగులుగా ఉన్నారు. రెండేళ్లకు లెక్కల్లో బాగా ముందుకెళ్లారు. అయితే ఆ లాభం మొదటి నుంచీ చదువులో బలంగా ఉన్నవాళ్లకే దక్కింది.

అంటే రెండు సంగతులు. మొదటి ఏడాది కష్టంగానే ఉంటుంది, దానికి కంగారు పడొద్దు. ఇక, చదువులో వెనకబడిన పిల్లాణ్ణి హాస్టల్ దానంతట అదే లేపేస్తుందని నమ్మొద్దు.

ఆరేళ్ల ఖర్చు ఎంత?

డూన్ స్థాయి స్కూళ్లలో ఏడాది ఫీజు రూ.10 లక్షలు దాటింది. మన లెక్క కోసం రూ.10 లక్షలే అనుకుందాం. ఏటా 8 శాతం పెరిగితే 7 నుంచి 12వ తరగతి దాకా మొత్తం రూ.73 లక్షలకు పైనే అవుతుంది. యూనిఫాం, విమాన టికెట్లు, టూర్లు దీనికి అదనం.

ఆ తర్వాత డిగ్రీ ఖర్చు ఉంటుంది. అప్పుచేసి స్కూల్ ఫీజు కడితే, కాలేజీ సమయానికి చేతిలో ఏమీ మిగలదు. ఇంకోటి కూడా గుర్తుంచుకోండి. కోట్లున్న ఇళ్ల పిల్లల మధ్య మీ పిల్లాడు రోజూ బతకాలి. అక్కడ తనను తాను తక్కువ చేసుకోకుండా ఉండగలడా అన్నది కూడా ఖర్చు లెక్కలోదే.

చాలామంది మర్చిపోయేది.. లోకల్ హోదా

డాక్టర్ కావాలనుకునే పిల్లల విషయంలో ఇది పెద్ద చిక్కు. తెలంగాణలో మెడికల్ సీట్లకు లోకల్‌గా లెక్కలోకి రావాలంటే 9 నుంచి 12వ తరగతి దాకా వరుసగా నాలుగేళ్లు రాష్ట్రంలోనే చదివి ఉండాలన్న నిబంధన ఉంది. దీనిపై కేసు నడిచింది. 2025 సెప్టెంబర్ 1న సుప్రీంకోర్టు ఆ నిబంధనను సమర్థించింది. ప్రభుత్వ ఉద్యోగులు, సైనికుల పిల్లలు లాంటి కొందరికే మినహాయింపులు.

దీని అర్థం ఏంటి? హైదరాబాద్‌లో పుట్టి పెరిగిన పాప 9వ తరగతి నుంచి ఊటీలో చదివితే, నీట్‌లో మంచి స్కోర్ వచ్చినా సొంత రాష్ట్రంలో నాన్-లోకల్ కావచ్చు. ప్రభుత్వ కాలేజీల్లో 15 శాతం ఆలిండియా కోటా మాత్రం అందుబాటులో ఉంటుంది. ఏపీలో కూడా లోకల్ హోదా చదివిన చోటుతో ముడిపడి ఉంది. రిషి వ్యాలీలో చేరే ఏపీ పిల్లలు సొంత రాష్ట్రంలో చదివినట్టే. హైదరాబాద్ నుంచి వెళ్లేవాళ్లకు మాత్రం అది పొరుగు రాష్ట్రం.

ఐఐటీలు, విదేశీ చదువు అయితే ఈ సమస్య లేదు. మెడిసిన్ ఆలోచన ఉంటే మాత్రం 8వ తరగతి పూర్తయ్యేలోపే నిబంధనలు మరోసారి చూసుకుని నిర్ణయం తీసుకోండి.

స్కూల్ చూడ్డానికి వెళ్లినప్పుడు ఇవి అడగండి

గ్రౌండ్లు, స్విమ్మింగ్ పూల్ వాళ్లే చూపిస్తారు. మీరు అడగాల్సినవి వేరే ఉన్నాయి.

- రాత్రి పూట హాస్టల్‌లో ఎంతమంది పిల్లలకు ఒక పెద్దమనిషి ఉంటారు?
- జ్వరం వస్తే ఇంటికి ఎంతసేపట్లో కబురు చేస్తారు?
- ఫోన్ వారానికి ఎన్నిసార్లు? మాట్లాడేటప్పుడు పక్కన ఎవరైనా ఉంటారా?
- సీనియర్లు ఏడిపిస్తే పిల్లలు ఎవరికి చెప్పుకోవాలి? కిందటేడాది అలాంటి ఫిర్యాదులు ఎన్ని వచ్చాయి? ఏం చేశారు?
- ఫుల్ టైమ్ కౌన్సెలర్ ఉన్నారా?
- మధ్యలో మానేస్తే ఎంత డబ్బు వెనక్కి ఇస్తారు?

"మా దగ్గర అలాంటివి జరగవండీ" అని కొట్టిపారేస్తే అనుమానించాలి. వందల మంది పిల్లలు కలిసి ఉండేచోట గొడవలు జరక్కుండా ఉండవు. జరిగినప్పుడు ఏం చేస్తారో వివరంగా చెప్పగలిగే స్కూలే నమ్మదగ్గది. వీలైతే అక్కడ చదివే పిల్లలతో టీచర్లు లేనప్పుడు పది నిమిషాలు మాట్లాడండి.

"నచ్చకపోతే వెంటనే తీసుకొచ్చేస్తాం" అనొచ్చా?

ప్రేమతో చాలామంది ఈ మాట ఇస్తారు. కానీ అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2007లో ఇంటిబెంగపై ఇచ్చిన నివేదికలో ఇలాంటి మాట ఇవ్వొద్దనే ఉంది. ఆ మాట ఇస్తే పిల్లల మనసు అక్కడ కుదురుకోదు, ఇంటికెళ్లే రోజు కోసమే చూస్తుంటుంది. దాని బదులు నిర్ణయంలో పిల్లల్ని భాగం చేయాలని, ముందే అమ్మమ్మ వాళ్లింట్లోనో, క్యాంపుల్లోనో కొన్ని రోజులు ఉండటం అలవాటు చేయాలని వైద్యులు సూచిస్తారు.

మరి తిరిగొచ్చే దారి మూసేయాలా? అక్కర్లేదు. ఒక తేదీ పెట్టుకోండి. "మొదటి టర్మ్ అయ్యాక ముగ్గురం కూర్చుని మాట్లాడుకుందాం, అప్పుడు నువ్వు చెప్పింది వింటాం" అనండి. అన్నమాట ప్రకారం వినండి కూడా.

ఒక్క విషయంలో మాత్రం తేదీ కోసం ఆగొద్దు. ఒంటి మీద దెబ్బలు, ఉన్నట్టుండి మాటలు తగ్గిపోవడం, నిద్ర లేకపోవడం, చనిపోతాననే మాట.. వీటిలో ఏది కనిపించినా అదే రోజు బయల్దేరండి. పిల్లల్ని కొట్టడం, మానసికంగా వేధించడం విద్యాహక్కు చట్టం ప్రకారం నిషిద్ధం. చైల్డ్ హెల్ప్‌లైన్ 1098, మానసిక సాయానికి టెలీ మానస్ 14416. ఈ నంబర్లు పిల్లలకు కంఠతా రావాలి.

లక్షలు లేకపోతే దారి లేదా?

ఉంది. జవహర్ నవోదయ విద్యాలయాల్లో 6వ తరగతికి ఎంట్రన్స్ ఉంటుంది. చదువు, వసతి, భోజనం ఉచితం. కనీసం 75 శాతం సీట్లు గ్రామీణ పిల్లలవే. విజయనగరం జిల్లా కోరుకొండలో 1962 నుంచి సైనిక్ స్కూల్ ఉంది, కలికిరిలో మరొకటి ఉంది. ఇప్పుడు అమ్మాయిలనూ చేర్చుకుంటున్నారు. 1971లో సర్వేల్‌తో మొదలైన గురుకులాలు రెండు రాష్ట్రాల్లో విస్తరించాయి. 2014లో 13 ఏళ్లకే ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ గురుకుల విద్యార్థినే. పైన చెప్పిన ప్రశ్నలు మాత్రం ఇక్కడా అడగాల్సిందే.

చివరిగా..

పిల్లలు తమంతట తాము సరే అన్నారా? బాధ వస్తే నోరు తెరిచి చెప్పే చనువు మీ ఇంట్లో ఉందా? తిరిగొస్తానంటే "మా పరువు పోతుంది" అనకుండా తీసుకురాగలరా? మూడింటికీ అవును అంటేనే అప్లికేషన్ నింపండి. ఒక్కదానికి కాదన్నా, ఈ ఏడాదికి పిల్లలు మీ కళ్ల ముందే చదువుకోనివ్వండి.