తీరిక రోజుల్లో పేర్ల కుట్టు

కోతలు, నూర్పిళ్లు అయ్యాక ఎకరం, రెండెకరాల రైతు ఇంట చేతికి పనుండదు. ఆ రోజుల్లో ఇంట్లోవాళ్లు చేతికుట్టు నేర్చుకుంటే వేడినీళ్లకు చన్నీళ్లు తోడు. సూది, దారం, చట్రం చాలు, మిషను అక్కర్లేదు.

ముందు పాతగుడ్డ మీద పరుగు కుట్టు, వెనక కుట్టు, కాడ కుట్టు, గొలుసు కుట్టు సాధన చేయాలి. చెయ్యి కుదిరాక రుమాళ్లు, దిండు గలీబుల మీద పేర్లు కుట్టొచ్చు.

తెలుగు అక్షరాలు చాలావరకు గుండ్రనివే. కుట్టు పెద్దదైతే సున్నా కాస్తా పలకలు తేలుతుంది. మలుపు దగ్గర కుట్టు వడ్లగింజలో సగానికి మించకూడదు. చిన్న అక్షరాలకు కాడ కుట్టు, వెనక కుట్టు మేలు. గొలుసు కుట్టు పెద్ద అక్షరాలకే బాగుంటుంది. 6 పోగుల దారంలో 2 పోగులే తీయాలి. దారం మూరెడు దాటితే చిక్కుపడుతుంది.

పెన్సిలుతో రాసుకున్నాక గుడి, దీర్ఘం, వత్తు సరిచూసుకోవాలి. పెళ్లి కానుక మీద పేరు తప్పుపడితే గుడ్డా పాయె, కూలీ పాయె. ముదురు రంగు దారాన్ని తడిపి తెల్లగుడ్డలో నొక్కి చూడాలి. మరక పడితే వాడొద్దు.

ఒక్కో పేరుకు ఎన్ని గంటలు పట్టిందో రాసుకోండి. ఆ గంటల కూలీ, దారం ఖర్చు కలిపే ధర చెప్పండి. 'పనిస్తాం, ముందు డిపాజిట్ కట్టండి' అనేవాళ్లను నమ్మొద్దు. ఊళ్లో దర్జీకి నమూనా చూపిస్తే మొదటి గిరాకీ అక్కడే దొరకొచ్చు.