ఆ పిల్లల పాస్‌బుక్కులో... ఆశ!

ఇంజినీరింగ్ హాస్టల్లో నా రూమ్మేట్ ట్రంకుపెట్టెలో ఓ పోస్టాఫీసు పాస్‌బుక్కు ఉండేది. పదకొండేళ్లప్పుడే అమ్మానాన్నలిద్దరూ పోతే వాడు అమ్మమ్మ దగ్గర పెరిగాడు. కూలి డబ్బుల్లోంచి ఆవిడ నెలనెలా యాభయ్యో వందో అందులో వేయించేదట. సెకండియర్లో ఒకసారి తెరిచి చూపించాడు. మొత్తం కలిపినా మా మెస్ బిల్లుకి చాలదు. ‘ఇంతేనా?’ అనేశా. వాడు నవ్వి, ‘టెన్త్ అవగానే మామయ్య నన్ను పనిలో పెడతానన్నాడ్రా. వాడి చదువుకి డబ్బు దాచానుగా అని అమ్మమ్మ ఒప్పుకోలేదు’ అన్నాడు.

అంత చిన్న మొత్తం అంత పెద్ద నిర్ణయాన్ని ఎలా మార్చిందో అప్పుడు నాకు అర్థం కాలేదు. ఉగాండాలో జరిగిన ఒక ప్రయోగం గురించి చదివాకే అర్థమైంది.

రూపాయికి రెండు రూపాయలు

అప్పట్లో విక్టోరియా సరస్సు పక్కన ఉండేది రకాయ్ జిల్లా. 1982లో ఉగాండాలో ఎయిడ్స్‌ను మొట్టమొదట గుర్తించింది అక్కడే. ఆ తర్వాత ఒక తరం తల్లిదండ్రులు రాలిపోయారు. పిల్లల భారం అవ్వలమీదా పిన్నమ్మలమీదా పడింది. 1997 నుంచి అక్కడి ప్రభుత్వ ప్రైమరీ బడుల్లో ఫీజులు తీసేశారు కానీ, ఏడో తరగతి దాటి హైస్కూలుకి వెళ్లాలంటే ఖర్చే. చాలామంది అనాథల చదువు ఆ గడప దగ్గరే ఆగిపోయేది.

ఉగాండాలోనే పుట్టి అమెరికాలో ప్రొఫెసర్ అయిన ఫ్రెడ్ సెవమాల ఆ గడప మీదే దృష్టి పెట్టారు. 2005లో ‘సూబి’ కార్యక్రమం మొదలైంది. లుగాండా భాషలో సూబి అంటే ఆశ. ప్రైమరీ పై తరగతుల్లో ఉన్న అనాథ పిల్లల పేరు మీద, పెంచుతున్న పెద్దవాళ్లతో కలిపి బ్యాంకు ఖాతా తెరిచారు. కుటుంబం ఒక రూపాయి దాచితే కార్యక్రమం రెండు కలుపుతుంది, ఒక పరిమితి వరకు. ఆ కలిపిన డబ్బు చదువుకో, చిన్న వ్యాపారానికో మాత్రమే వాడాలి. డబ్బు ఎలా దాచాలి, ఎలా ఖర్చు పెట్టాలి అన్న పాఠాలు, కష్టసుఖాలు వినడానికి ఒక మెంటర్ కూడా ఉంటారు.

మరి ఇది పనిచేసిందని ఎలా తెలుసు? మేం సాఫ్ట్‌వేర్‌లో కొత్త ఫీచర్‌ని కొందరికే ఇచ్చి, మిగతావాళ్లతో పోల్చి చూస్తాం. వాళ్లూ అంతే. లాటరీ పద్ధతిలో కొన్ని బడులకి ఖాతాలు ఇచ్చారు, మిగతా బడుల పిల్లలకి మామూలుగా అందే సాయమే అందింది. 2009లో వచ్చిన ఫలితాల్లో ఖాతాలున్న పిల్లల ఆరోగ్యం, మానసిక స్థితి మెరుగ్గా కనిపించాయి. తర్వాత ‘బ్రిడ్జెస్’ పేరుతో 48 బడుల్లో సుమారు 1,400 మంది పిల్లలతో ఇంకా పెద్ద ప్రయోగం చేశారు. అందులోనూ ఖాతాలున్న పిల్లల్లో నిరాశ, కుంగుబాటు తగ్గాయి.

మనసుకీ డబ్బుకీ లింకేంటి?

అమెరికా పండితుడు మైకేల్ షెరాడెన్ 1991లోనే దీని గురించి ఒక పుస్తకం రాశారు. రోజువారీ ఆదాయం ఆ పూట గడవడానికి సరిపోతుంది. చేతిలో కొంచెం ఆస్తి ఉంటే మనిషి రేపటి గురించి ఆలోచిస్తాడన్నది ఆయన వాదన. పదమూడేళ్ల పిల్లాడికి ఇది మరీ నిజం. ‘వచ్చే ఏడు నన్ను ఎవరు చదివిస్తారు?’ అన్న ప్రశ్న రాత్రిళ్లు నిద్రపోనివ్వదు. దానికి సగమైనా జవాబు తన పేరు మీద బ్యాంకులో ఉందంటే గుండె కుదుటపడుతుంది. పెంచుతున్నవాళ్లకీ ఆ పిల్లాడు బరువులా కాకుండా భవిష్యత్తు ఉన్నవాడిలా కనిపిస్తాడు.

ఇది మనకి కొత్త సంగతేం కాదు. 1990ల్లో సారా ఉద్యమం తర్వాత నెల్లూరు జిల్లా ఆడవాళ్లు రోజుకో రూపాయి దాచి పొదుపు సంఘాలు నడిపారు. ఆ రూపాయితోపాటు వాళ్ల మాటకీ ఇంట్లో విలువ పెరిగింది.

మన దగ్గర?

కొవిడ్‌లో తల్లిదండ్రుల్ని కోల్పోయిన పిల్లలకి 2021లో కేంద్రం పీఎం కేర్స్ పథకం పెట్టింది. పద్దెనిమిదేళ్లు నిండేసరికి వాళ్ల పేరు మీద 10 లక్షల నిధి ఉంటుంది. 23 ఏళ్లదాకా దానిమీద నెలనెలా స్టైపెండ్, ఆ తర్వాత అసలు. ఆంధ్రప్రదేశ్ కూడా అలాంటి పిల్లలకి 10 లక్షల డిపాజిట్ ప్రకటించింది. మంచి పనులే. కానీ రోడ్డు ప్రమాదంలోనో, క్యాన్సర్‌తోనో అమ్మానాన్నల్ని పోగొట్టుకున్న పిల్లలు వీటి కిందికి రారు. మిషన్ వాత్సల్య కింద అర్హులకి నెలకి 4,000 అందే వీలుంది. అది ఆ నెల గడవడానికి పనికొస్తుంది. పిల్లాడు తన చేత్తో దాచుకుని, పెరుగుతుంటే చూసుకునే ఖాతా మాత్రం వేరు.

అలాంటి పిల్లలు మీ బంధువుల్లోనో వీధిలోనో ఉంటే ఒక పని చేయొచ్చు. పదేళ్లు దాటినవాళ్లు సొంతంగా పొదుపు ఖాతా నడుపుకోవడానికి ఆర్‌బీఐ నిబంధనలు ఒప్పుకుంటాయి. వాళ్లని వెంటబెట్టుకుని బ్యాంకుకి వెళ్లండి. వాళ్లు పది వేస్తే మీరు ఇరవై వేయండి. ఆ డబ్బు దేనికోసమో వాళ్లనే చెప్పనివ్వండి.

నా రూమ్మేట్‌కి ఇప్పుడు మంచి ఉద్యోగం. అమ్మమ్మ లేదు. ఆ ఖాతా మాత్రం మూసేయలేదు. ఎందుకురా అంటే, ‘అందులో ఆవిడ వేసిన వందలున్నాయి’ అంటాడు.