ఇంటి పద్దులో భూమి భారం

పర్యావరణానికి మేలు చేయాలన్న సంకల్పం ఉన్న ఇళ్లలో కూడా ఆ సంకల్పం తరచుగా కంటికి కనిపించే చిన్న వస్తువు దగ్గరే ఆగిపోతుంది. ప్లాస్టిక్ స్ట్రా వద్దన్న కుటుంబమే ఏసీని 18 డిగ్రీల వద్ద ఉంచి రాత్రంతా నడపడం, గుడ్డ సంచితో కూరగాయలకు వెళ్లివచ్చిన మనిషే తడి చెత్తనూ పొడి చెత్తనూ ఒకే కవరులో మూటగట్టి మునిసిపాలిటీ బండిలో పడేయడం నగరాల్లో సర్వసాధారణం. ఇందులో కపటమేమీ లేదు. ఏ పని వల్ల ఎంత భారం తగ్గుతుందన్న లెక్క ఇంట్లో ఎవరికీ తెలియకపోవడమే అసలు లోపం. భావి తరాల అవసరాలకు గండి కొట్టకుండా నేటి అవసరాలు తీర్చుకోవాలని ఐక్యరాజ్యసమితి నియమించిన బ్రంట్‌లాండ్ కమిషన్ 1987లో చెప్పిన సూత్రమే నేటి సుస్థిర జీవన భావనకు పునాది. ఆ సూత్రాన్ని ఇంట్లో ఆచరించాలంటే ఉత్సాహం ఒక్కటే చాలదు, ఏది ముందు, ఏది తర్వాత అన్న వరుస కూడా తేలాలి.

బాధ్యత ఎవరిది?

ఒక కుటుంబం వాడే కరెంటు, ఇంధనం, తిండి, వస్తువుల కారణంగా గాలిలో చేరే హరితగృహ వాయువుల మొత్తాన్ని కర్బన పాదముద్ర అంటారు. ఈ మాటను సామాన్య జనంలోకి విస్తృతంగా తీసుకెళ్లిన వాటిలో 2000 తర్వాతి తొలి సంవత్సరాల్లో బీపీ అనే బ్రిటిష్ చమురు సంస్థ సాగించిన ప్రకటనల ప్రచారం ఒకటి కావడంతో, భారాన్ని ఉత్పత్తిదారు భుజం మీది నుంచి వినియోగదారు భుజం మీదికి నెట్టే ఎత్తుగడ ఇదన్న విమర్శ బలంగా వచ్చింది. ఆ విమర్శలో నిజం ఉన్నా, దాన్ని సాకుగా తీసుకుని ఇల్లు చేతులు కడుక్కోవడం కుదరదు. వాతావరణ మార్పుపై ప్రభుత్వాల మధ్య ఏర్పడిన శాస్త్రీయ సంఘం ఐపీసీసీ 2022లో వెలువరించిన నివేదిక ప్రకారం ఆహారం, రవాణా, భవనాలు వంటి రంగాల్లో వినియోగం వైపు నుంచి వచ్చే మార్పులు 2050 నాటికి ఆ రంగాల ఉద్గారాలను 40 నుంచి 70 శాతం వరకు తగ్గించగలవు. అయితే తగిన విధానాలు, బస్సులు, రైళ్లు, కాలిబాటలు వంటి సదుపాయాలు తోడైతేనే ఇది సాధ్యమని అదే నివేదిక స్పష్టం చేసింది. బస్సు రాని కాలనీలో ఉన్న మనిషిని బండి ఎందుకు కొన్నావని నిలదీయడం అన్యాయం. ఏసీ రిమోట్ మాత్రం ఆ మనిషి చేతిలోనే ఉంటుంది. వ్యక్తిగత బాధ్యత అంటే లోకం చేసిన తప్పులన్నీ నెత్తిన వేసుకోవడం కాదు, తన చేతిలో ఉన్నదాన్ని గుర్తించి దానికి జవాబుదారీగా ఉండడం.

మీటరు చెప్పే వరుస

ఇంట్లో నిర్ణయాలు రెండు రకాలు. కొన్ని రోజూ చేసేవి, కొన్ని ఏళ్లకు ఒకసారి చేసేవి. ఏసీని ఎన్ని డిగ్రీల వద్ద ఉంచాలన్నది మొదటి రకం. ఒక్కో డిగ్రీ పెంచినప్పుడు సుమారు 6 శాతం కరెంటు ఆదా అవుతుందని కేంద్ర ప్రభుత్వ సంస్థ అయిన ఇంధన సామర్థ్య బ్యూరో అంచనా. ఈ లెక్కన 20 నుంచి 24కు మారితే, పైసా ఖర్చు లేకుండా, ఏసీ వాడకంలో దాదాపు నాలుగో వంతు మిగులుతుంది. పైన ఫ్యాను నెమ్మదిగా తిరుగుతుంటే ఆ తేడా ఒంటికి పెద్దగా తెలియదు కూడా.

ఫ్యాను కొనడం రెండో రకం నిర్ణయం. పాత తరహా సీలింగ్ ఫ్యాను సుమారు 75 వాట్లు తీసుకుంటే, మోటారులో అయస్కాంతాలతో, ఎలక్ట్రానిక్ నియంత్రణతో నడిచే బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్ల దగ్గర అదే గాలి ఇస్తుంది. తెలుగు ప్రాంతాల వాతావరణంలో ఏడాదికి 300 రోజులు, రోజుకు 15 గంటలు తిరిగే ఫ్యాను విషయంలో ఈ తేడా 200 యూనిట్లు దాటుతుంది. దేశంలో విద్యుత్తులో అధిక భాగం బొగ్గు నుంచే వస్తున్నందున యూనిట్‌కు 0.7 కిలోల ఉద్గారం వంతున చూసినా, ఒక్క ఫ్యాను వల్ల ఏటా 140 కిలోల బొగ్గుపులుసు వాయువు గాలిలో చేరకుండా ఆగుతుంది.

క్రమంగా మారడమంటే చిన్నచిన్న పనులతో సరిపెట్టుకోవడమని అనుకోవడం పొరపాటు. ఫ్యాను, ఫ్రిజ్, గీజరు, వాహనం దేనికదే ఎప్పుడో ఒకప్పుడు మార్చక తప్పని స్థితికి వస్తుంది. ఆ రోజు కొనే వస్తువు పదేళ్లో పదిహేనేళ్లో ఇంటి కరెంటు, ఇంధన ఖర్చును శాసిస్తుంది. బాగా పనిచేస్తున్న వస్తువును పర్యావరణం పేరిట ముందే పారేస్తే, దాని తయారీకి ఖర్చయిన లోహం, శక్తి వృథా అవుతాయి. అందువల్ల తక్కువ వాడే వస్తువులను పాడయ్యేదాకా వాడుకుని, మార్చే రోజు వచ్చినప్పుడు స్టార్ లేబుల్ చూసి కొనడం, రోజంతా నడిచే వాటిని మాత్రం, ఆదా ఆ వృథాను మించుతుంది కనుక, ముందుగా మార్చడం సబబైన వరుస. గుడ్డ సంచికీ ఇదే న్యాయం వర్తిస్తుంది. నూలు సంచి తయారీలో ఖర్చయ్యే వనరులు ఎక్కువ కనుక, వాతావరణంపై ప్రభావం విషయంలో అది పలచని ప్లాస్టిక్ సంచి కంటే మెరుగనిపించుకోవాలంటే 131 సార్లు వాడాలని ఇంగ్లండ్ పర్యావరణ సంస్థ 2011లో లెక్కగట్టింది. పెళ్లిళ్లలో, దుకాణాల్లో వచ్చిన కొత్త సంచులు బీరువా మీద పేరుకుపోవడం కంటే, చిరుగు కుట్టించుకుని ఒకే సంచి ఏళ్లపాటు వాడడం భూమికి మేలు.

చెత్తబుట్ట దగ్గర

పాడి ఉన్న పల్లెటూరి ఇంట్లో బియ్యం కడుగు, గంజి, కూరగాయల తొక్కలు కుడితి తొట్టిలోకి, పేడ, ఆకులు, ఊడ్చిన చెత్త పెంటకుప్పలోకి వెళ్లి, చివరకు పాలుగానో ఎరువుగానో తిరిగి వచ్చేవి. అపార్ట్‌మెంటులో గేదె లేదు కనుక ఆ తొక్కలన్నీ నగరం చివర గుట్టగా పడుతున్నాయి. దేశంలోని పట్టణ చెత్తలో దాదాపు సగం కుళ్లే స్వభావం ఉన్నదే. గాలి ఆడని గుట్ట అడుగున అది కుళ్లినప్పుడు మీథేన్ పుడుతుంది. నూరేళ్ల వ్యవధిలో చూస్తే ఇది బరువుకు బరువుగా బొగ్గుపులుసు వాయువు కంటే సుమారు 28 రెట్లు ఎక్కువగా వేడిని పట్టి ఉంచుతుంది.

దీనికి విరుగుడు బాల్కనీలో పట్టేంతది. చుట్టూ రంధ్రాలున్న రెండు మట్టి కుండలు లేదా పాత బకెట్లు తీసుకుని, ఒకదాని అడుగున ఎండుటాకులు పరిచి, ఏ రోజు తొక్కలు ఆ రోజు వేసి, పైన గుప్పెడు కొబ్బరిపొట్టో ఎండుటాకులో చల్లి మూత పెట్టాలి. తొక్కల్లో నత్రజని, ఎండుటాకుల్లో కర్బనం ఎక్కువ. ఈ రెండూ తగు పాళ్లలో కలిసి, గాలి ఆడుతుంటేనే సూక్ష్మజీవులు పని చేస్తాయి. మొదట్లో కాస్త పుల్ల మజ్జిగ చిలకరిస్తే పని త్వరగా అందుకుంటుంది. దుర్వాసన వచ్చిందంటే తడి ఎక్కువైందని, రోజులు గడిచినా తొక్కలు అలాగే ఉన్నాయంటే ఎండిపోయిందని అర్థం. మొదటిదానికి ఎండుటాకులు, రెండోదానికి నాలుగు చుక్కల నీళ్లు మందు. ఒక కుండ నిండి రెండు నెలలు మాగే లోపు రెండోది నిండుతుంది. రోజుకు కిలో తడి చెత్త వచ్చే ఇల్లు ఈ ఒక్క అలవాటుతో ఏడాదికి 365 కిలోల చెత్తను బండి ఎక్కకుండా ఆపుతుంది.

ఆదా చేసింది ఎటు పోతోంది?

బొగ్గును పొదుపుగా వాడే యంత్రాలు వచ్చాక బొగ్గు వాడకం తగ్గకపోగా పెరిగిందని విలియం స్టాన్లీ జెవాన్స్ అనే ఆంగ్ల ఆర్థికవేత్త 1865లోనే గుర్తించాడు. ఎల్‌ఈడీ బల్బు తక్కువ కరెంటు తీసుకుంటుందన్న ధీమాతో గదికి ఒకటి ఉన్నచోట నాలుగు బిగించడం, ఐదు స్టార్ల ఏసీ కదా అని మరో రెండు గంటలు ఎక్కువ నడపడం అదే ధోరణికి నేటి రూపాలు. కాబట్టి మార్పు జరిగిందా లేదా అన్నది కొన్న వస్తువును బట్టి కాక, నిరుటి ఇదే నెల బిల్లులోని యూనిట్లతో ఈ నెల యూనిట్లను పోల్చి తేల్చుకోవాలి.

గడప దాటితేనే

ఇంటి శ్రమ వీధిలో వృథా అయితే ఏ అలవాటూ నిలవదు. 2016 ఘనవ్యర్థాల నిర్వహణ నియమాలు చెత్తను తడి, పొడి, ఇంట్లోని ప్రమాదకర వ్యర్థాలుగా మూడు రకాలుగా వేరు చేసి ఇవ్వడం పౌరుల విధి అని, వాటిని విడివిడిగా సేకరించడం స్థానిక సంస్థల విధి అని చెప్పాయి. ఇల్లు వేరు చేసిన చెత్తను బండి మళ్లీ కలిపేస్తుంటే, మరుసటి నెలకు ఇల్లు కూడా వేరు చేయడం మానేస్తుంది. దీన్ని ఒంటరి కుటుంబం సరిదిద్దలేకపోయినా, అపార్ట్‌మెంటు సంఘం నెలవారీ సమావేశంలో అడిగితే, కాలనీ సంఘం వార్డు కార్యాలయానికి రాసి ఇస్తే, కదలిక వచ్చే అవకాశం చాలా ఎక్కువ. తానే చెత్త వేరు చేయని మనిషికి అడిగే నైతిక బలం ఉండదు; వేరు చేసి కూడా అడగని మనిషి శ్రమ గుట్టలో కలిసిపోతుంది. ఒక అలవాటు ఇంట్లో కుదురుకున్నాక మరో అలవాటు మొదలుపెట్టడం ఎంత అవసరమో, కుదిరినదాన్ని సంఘం ఎజెండాలోకి ఎక్కించడం కూడా అంతే అవసరం. వ్యక్తిగత బాధ్యత పూర్తయ్యేది అక్కడే.