వజ్రగర్భంలో విద్యుదావేశాల పయనం

తెలుగులో వజ్రమన్నా, ఉర్దూలో హీరా అన్నా మన మనస్సులో మెదిలేది ఆభరణమే. కృష్ణాతీరాన కొల్లూరు గనులలో దొరికి, గోల్కొండ పేరుతో దేశదేశాలకు వెళ్ళిన రాళ్ళకు మెరుపును బట్టి వెలకట్టేవారు. భౌతిక శాస్త్రజ్ఞుడు వజ్రాన్ని చేతికి తీసుకొని వేరొక ప్రశ్న వేస్తాడు: దీని లోపల ఒక ఎలక్ట్రాన్‌ను విడిచిపెడితే అది ఎంత వేగంగా, ఎంత దూరం పోగలదు?

ఈ ప్రశ్న వింతగా తోచవచ్చు. వజ్రం విద్యుత్తును ప్రసరింపనీయదని మనం చదువుకొన్నాము. అది నిజమే. వజ్రంలో ప్రతి కార్బన్ పరమాణువు తన చుట్టూ ఉన్న నాలుగు పరమాణువులతో గట్టి బంధాలు ఏర్పరచుకొంటుంది. ఆ బంధం నుండి ఒక ఎలక్ట్రాన్‌ను విడిపించడానికి దాదాపు 5.5 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి కావాలి. సిలికాన్‌లో 1.1 చాలు. గది ఉష్ణోగ్రత వద్ద లభించే ఉష్ణశక్తి ఇంచుమించు 0.025 మాత్రమే. కావున శుద్ధ వజ్రంలో స్వేచ్ఛా ఎలక్ట్రాన్లు లేవనే చెప్పాలి.

లేని వాటి నడకను కొలవడం ఎట్లు? ఇక్కడ లేసర్ అక్కరకు వస్తుంది. సుమారు 225 నానోమీటర్లకు తక్కువ తరంగదైర్ఘ్యం గల అతినీలలోహిత కాంతిని క్షణికమైన స్పందనంగా వజ్రం ఉపరితలంపై ప్రసరింపజేస్తే, అక్కడి ఎలక్ట్రాన్లు కొన్ని బంధవిముక్తి పొందుతాయి. అవి విడిచిన ఖాళీలను రంధ్రాలు అంటారు. తరగతిలో ముందు బెంచీ ఖాళీ అయినప్పుడు వెనుకవారు ఒక్కొక్కరే ముందుకు జరిగితే, ఖాళీ వెనుకకు జరిగినట్లు కనిపిస్తుంది. రంధ్రం కూడా అట్లే ధనావేశంగా పయనిస్తుంది.

స్ఫటికానికి ఇరువైపులా వోల్టేజిని నెలకొల్పితే, దాని దిశను బట్టి ఎలక్ట్రాన్లు గాని, రంధ్రాలు గాని రెండవ ముఖం వైపు సాగుతాయి. అవి సాగినంతసేపు వెలుపలి వలయంలో ప్రవాహం కనిపిస్తుంది. గమ్యం చేరగానే ఆగిపోతుంది. ఆ కాలాన్ని కొలిస్తే వేగం తెలుస్తుంది. సెకనుకు 50 కిలోమీటర్ల వేగంతో అర మిల్లీమీటరు దాటడానికి పట్టేది 10 నానోసెకన్లే.

2002లో స్వీడన్, బ్రిటన్ శాస్త్రజ్ఞులు, వాయువుల నుండి పొరలుగా పెంచిన వజ్రంలో ఇట్లే కొలిచి, ఎలక్ట్రాన్ల చలనశీలత 4500, రంధ్రాలది 3800 అని ప్రకటించారు. అనగా సెంటీమీటరుకు ఒక వోల్టు క్షేత్రంలో అవి సెకనుకు అన్ని సెంటీమీటర్లు సాగుతాయి. సిలికాన్‌లో ఎలక్ట్రాన్లకు ఇది సుమారు 1400, రంధ్రాలకు సుమారు 450 మాత్రమే.

విద్యుత్తును అడ్డగించే పదార్థమే ఇంత సుగమమైన బాట కావడానికి కారణమేమి? ఆవేశాల దారికి అడ్డు తగిలేవి ముఖ్యంగా పరమాణువుల కంపనాలు. వజ్రంలో బంధాలు ఎంతో బిగువైనవి, పరమాణువులు తేలికైనవి. అందువలన అందలి ప్రధాన కంపనాన్ని రేకెత్తించడానికి 0.165 ఎలక్ట్రాన్ వోల్టులు కావాలి. గది ఉష్ణోగ్రతలో అట్టి కంపనాలు చాలా అరుదు. ఈ కంపనాన్ని రామన్ ఫలితం ద్వారా 1930లోనే పరిశీలించిన తొలివారిలో మన తెలుగువారు, తరువాత ఉస్మానియా విశ్వవిద్యాలయ వైస్ ఛాన్సలర్‌గా పనిచేసిన సూరి భగవంతం గారు ఒకరు కావడం మనకు గర్వకారణం.

అయితే దారిలో గోతులు కూడా ఉంటాయి. కార్బన్ స్థానంలో చేరిన నత్రజని పరమాణువులు, స్ఫటికంలోని లోపాలు ఆవేశాలను పట్టి నిలుపుతాయి. లోపాల ప్రభావాన్ని తెలుసుకొనడానికి మరొక ఉపాయం ఉన్నది. రెండు లేసర్ కిరణాలను వజ్రంలో కలిపితే వ్యతికరణం వలన వెలుగు చారలు, చీకటి చారలు ఏర్పడుతాయి. వెలుగు చారలలోనే ఆవేశాలు పుడతాయి. అవి చీకటి చారలలోకి వ్యాపించి, కలిసి నశించిన కొలది ఆ చారల అమరిక చెరిగిపోతుంది. మూడవ కిరణం దానిని గమనిస్తుంది. చారలు చెరిగే వేగమే వాటి వ్యాపనాన్ని, ఆయుష్షును తెలుపుతుంది.

ఈ పరిశోధన ప్రయోజనం లేనిది కాదు. జెనీవా వద్ద సెర్న్ ప్రయోగశాలలో తీవ్రమైన కణవికిరణాన్ని గమనించడానికి వజ్ర శోధకాలను అమర్చారు. వజ్రం రాగి కంటె ఐదు రెట్లు చక్కగా ఉష్ణాన్ని వహిస్తుంది కనుక, అధిక వోల్టేజి పరికరాలకు కూడా అది ఆశ కల్పిస్తున్నది.

పేరొందిన గోల్కొండ వజ్రాలలో పెక్కింటికి కీర్తి తెచ్చినది నత్రజని దాదాపు లేని స్వచ్ఛతయే. రత్నపరీక్షకుడు కోరినదీ, నేడు ఎలక్ట్రాన్ కోరుతున్నదీ ఆ గుణమే. కాని కంటికి మచ్చలేదని తోచిన రాయిలోనూ ఎలక్ట్రాన్ దోషాన్ని కనిపెట్టగలదు. విద్యార్థి మిత్రులారా! పాఠ్యపుస్తకంలో "అవాహకం" అన్న ఒక్క మాటతో ముగిసిన చోట ఇంత శాస్త్రం దాగి ఉన్నదని గ్రహించి, మరొక్క ప్రశ్న వేయడానికి వెనుదీయకండి.