కత్తి ఎందుకు జారింది?

మా అమ్మాయి వాళ్ళుండేది మినియాపోలిస్‌లో. అక్కడ చలికాలం గడప దాటాలంటే నాకు పావుగంట ముస్తాబు కావాలి, అందుకని ఇంట్లోనే తిరుగుతూ ఉంటాను. శనివారం సాయంత్రాలు మా మనవడు చింటూ, వాడి స్నేహితులు నలుగురు బేస్‌మెంట్‌లో చేరి డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడతారు. ఒకడు కథ నడుపుతాడు, వాణ్ణి డీఎం అంటారు. మిగతావాళ్ళు తలా ఒక పాత్ర. చింటూ కత్తి వీరుడు. దూసిన కత్తి తగిలిందా లేదా చెప్పేది ఇరవై ముఖాల పాచిక.

ఆ రోజు వాడు మెట్లెక్కి వచ్చేసరికి మొహం ఇంత చేసుకున్నాడు.

"ఫెయిర్ కాదు తాతా! ఒక్క ఫైట్‌లో రెండు సార్లు కత్తి కింద పడేసుకున్నాను."

సంగతేమిటంటే, డీఎం పిల్లాడికి ఆట మరీ సినిమాలా ఉందనిపించిందట. నిజం యుద్ధంలో పొరపాట్లు జరగవా అని కొత్త రూలు పెట్టాడు: పాచిక మీద 1 పడితే కత్తి చేజారుతుంది. అసలు పుస్తకంలో 1 పడితే దెబ్బ తప్పిందని మాత్రమే ఉంటుంది. ఇది వాళ్ళింటి రూలు. చాలా ఇళ్ళలో ఉన్నదేలెండి.

"రూలు అందరికీ ఒకటేనా?" అన్నాను.

"ఒకటే. కానీ పడేది ఎప్పుడూ నా కత్తే."

పిల్లలు కళ్ళతో చూసి పట్టుకున్నదాన్ని మనం "నీ దురదృష్టం రా" అని కొట్టిపారేస్తాం. కాగితం తీసి లెక్క వేశాను. ఇరవై ముఖాలు కనక 1 పడే అవకాశం నూటికి 5. కొత్తగా చేరిన సిపాయికి ఒక వంతులో ఒకే వేటు, కాబట్టి వాడి కత్తి జారే అవకాశం వంతుకి 5 శాతం. చింటూ వీరుడు ఐదో మెట్టుకి వచ్చాడు. ఆ మెట్టులో వంతుకి రెండు వేట్లు వేయనిస్తారు, అది వాడి నేర్పుకి బహుమానం. రెండు వేట్లలో ఒక్కసారైనా 1 పడే అవకాశం 9.75 శాతం. ఇరవయ్యో మెట్టుకి చేరి మహావీరుడైతే వంతుకి నాలుగు వేట్లు, అప్పుడు 18.5 శాతం. వంతంటే ఆరు సెకన్లు. నిమిషానికి పది వంతులు, నలభై వేట్లు. అంటే లోకంలోకెల్లా గొప్ప కత్తివీరుడు సగటున నిమిషానికి రెండుసార్లు కత్తి పారేసుకుంటాడన్నమాట!

మా ఊళ్ళో తాటిచెట్లెక్కే గీత కార్మికులుండేవారు. చెట్టెక్కిన ప్రతిసారీ ఇరవైలో ఒక వంతు జారే రూలే నిజమైతే, పొద్దున్నే ఇరవై చెట్లెక్కేవాడు సగటున రోజుకొకసారి కింద పడాలి. జీవితంలో ఒక్క చెట్టెక్కిన నేను మాత్రం భద్రం. పని ఎంత చేస్తే చేయి అంత తిరుగుతుంది. ఈ రూల్లో మాత్రం ఎంత చేస్తే అంత జారుతుంది. డీఎం నిజం కోసం వెతికి నిజాన్నే తలకిందులు చేశాడు.

ఎదురు కొసన 20 దగ్గరా ఇదే చిక్కు. 20 పడితే కాలు తెగింది, కన్ను పోయింది అని పట్టికలు పెట్టుకునేవాళ్ళున్నారు. అదీ ఇరుపక్షాలకీ సమానమే, పైకి. కానీ రాక్షసుడు బతికేది ఒక్క సాయంత్రం. కాలు తెగినా వాడు పది నిమిషాల్లో ఎలాగూ పోతాడు. వీరుడు వారంవారం రావాలి. వాడిమీద వారానికి ఇరవై వేట్లు పడ్డాయనుకోండి, సగటున వారానికొక 20 వాడికోసం కాచుకుని ఉంటుంది. ఈ ఆట కట్టిన ఇద్దరిలో ఒకరైన గ్యారీ గైగాక్స్ 1979 నాటి డీఎంల పుస్తకంలో ఇలాంటి వాటిని గట్టిగానే వద్దన్నాడు. రూలు సమానంగా ఉందా అని కాదు, పాచికకి ఎవరు ఎక్కువసార్లు ఎదురు నిలబడాలి అని అడగాలి.

"మరి హిట్ పాయింట్లు నిజమా తాతా? నలభై నాలుగులో నలభై మూడు పోయినా నేను అంతే బాగా కొడతాను కదా!"

మంచి ప్రశ్న. హిట్ పాయింట్లంటే పాత్ర ప్రాణానికి లెక్క, దెబ్బ తగిలినప్పుడల్లా తగ్గుతాయి, అన్నీ పోతే మనిషి పడిపోయినట్టు. దీనికి జవాబు వాళ్ళున్న ఊళ్ళోనే ఉంది. మనకి హైదరాబాదు సికిందరాబాదులాగా అక్కడ మినియాపోలిస్, సెయింట్ పాల్ జంటనగరాలు. ఆట కట్టిన రెండోవాడు డేవ్ ఆర్నెసన్ ఆ ప్రాంతంవాడే. 1970ల మొదట్లో గైగాక్స్ వాళ్ళ చెయిన్‌మెయిల్ అనే బొమ్మ సైనికుల ఆట రూళ్ళతో తన ఆట మొదలుపెట్టాడు. అందులో మామూలు సిపాయి ఒక్క దెబ్బకి పోతాడు. వందమంది బొమ్మల్లో ఒకడు పోతే ఏముంది? కానీ ఒక్కొక్కరికి ఒక్కో మనిషినిచ్చి, పేరు పెట్టుకోమని, మొదటి పాచికకే చంపేస్తే ఆడేవాడి ప్రాణం ఉసూరుమంటుంది. అందుకని తాను అంతకుముందు అమెరికా అంతర్యుద్ధపు ఇనప ఓడల ఆటకి రాసుకున్న లెక్కలు తెచ్చి మనుషులకి తగిలించాడు. హిట్ పాయింట్లు వచ్చింది అక్కడినుంచే. ఓడకి చిల్లు పడితే మునగడానికి దగ్గరవుతుంది గానీ, మిగిలిన ఫిరంగులు ఎప్పట్లానే పేలుతాయి. దానికి నొప్పి లేదు, కళ్ళు తిరగవు.

మనిషి అలా కాదు. నెత్తురు కారితే చేయి బరువెక్కుతుంది, దెబ్బ తగిలే కొద్దీ తిరిగి కొట్టలేడు. దాన్ని రూల్లో పెట్టిన ఆటలూ ఉన్నాయి. నిజానికి దగ్గరే, కానీ మొదటి గాయం ఎవరికి తగిలితే వాడి పని అక్కడికే అయిపోయినట్టు, తక్కిన గంటంతా ఆ ఓటమికి తద్దినం పెట్టినట్టు ఉంటుంది. నేనైతే ఓడ లెక్కకే ఓటు వేస్తాను.

ఇక కత్తి సంగతి. 1 పడగానే జారనివ్వక, ఇంకోసారి పాచిక వేయమన్నాను. ఆ రెండోదీ తప్పితేనే జారినట్టు. పాచిక మీద పడ్డదానికి చింటూ తన నేర్పు కింద 7 కలుపుకుంటాడు. మొత్తం 15కి చేరితేనే దెబ్బ తగిలే కవచం మీద వాడు తప్పేది 35 శాతం సార్లు. కొత్త సిపాయి కలుపుకునేది 3, తప్పేది 55 శాతం. అంటే వేటుకి చింటూకి 1.75 శాతం, సిపాయికి 2.75. మీసం మెలేశాను.

వాడు కాగితం లాక్కుని చూశాడు. "నావి రెండు వేట్లు కదా తాతా. మూడున్నర అయింది. ఇంకా నాదే ఎక్కువ."

నిజమే! రిటైరై పన్నెండేళ్ళయిందని సర్దిచెప్పుకున్నాను. మందు వాడే చెప్పాడు: వంతులో మొదటి వేటుకే ఈ రూలు, తర్వాతి వేట్లకి లేదు. అప్పుడు వాడిది 1.75 దగ్గరే ఆగింది, ఇంకో వంద వేట్లు సంపాదించినా. నాకు తట్టనే లేదు.

డీఎం పిల్లాడు ఒప్పుకున్నాడు. మరుసటి శనివారం కత్తి జారలేదు. కాలు జారి చింటూ వీరుడు ఎనభై అడుగుల గోతిలో పడ్డాడు. పది అడుగులకొక మామూలు పాచిక చొప్పున ఎనిమిది వేస్తే 31 వచ్చాయట.

"ఎత్తు రెట్టింపైతే దెబ్బా రెట్టింపు. అది సరైన లెక్కేరా, పడేవాడి శక్తి ఎత్తుని బట్టే పెరుగుతుంది" అన్నాను. "ఎనభై అడుగులంటే, నేల తాకేసరికి గంటకి దాదాపు 80 కిలోమీటర్ల వేగం. హైవే మీద కారు గుద్దినట్టు. ఇంతకీ ఏమయ్యాడు?"

"పదమూడు మిగిలాయి. లేచి దుమ్ము దులుపుకుని గోడెక్కేశాడు."

"మనిషేనా వాడు?"

"ఓడ కదా తాతా" అని మళ్ళీ మెట్లు దిగిపోయాడు.