మణికట్టు నేర్పిన పాఠం

ఎమ్మెస్‌కి అమెరికా వచ్చిన నాటి నుంచీ కార్పెట్ మీద కూర్చుని, ఒళ్ళో లాప్‌టాప్‌తో పనిచేయడం నాకలవాటు. ఒక రాత్రి పాపకి అన్నం పెడుతుంటే వేళ్ళు తిమ్మిరెక్కి ముద్ద జారిపోయింది. మణికట్టులో నరం నలుగుతోందన్నారు డాక్టరుగారు.

అప్పుడు బల్ల సర్దుకున్నాను. తెర పై అంచు కంటి ఎత్తులో, చేయి చాచినంత దూరంలో ఉండాలి. లాప్‌టాప్‌ని అంత ఎత్తు లేపితే కీబోర్డు కూడా పైకి పోతుంది. అందుకే విడి కీబోర్డు, మౌస్ తప్పనిసరి. మోచేతులు ఒంటికి దగ్గరగా, సుమారు 90 డిగ్రీల్లో ఉండాలి. మణికట్టు వంగకూడదు. పాదాలు నేలకి ఆనాలి. ఆనకపోతే పాత పుస్తకాల కట్ట చాలు. 20 నిమిషాలకోసారి 20 అడుగుల అవతలికి 20 సెకన్లు చూడండి.

నాకు తిమ్మిరి తగ్గింది. మీకూ వేళ్ళు మొద్దుబారుతుంటే, రిలీజ్ అయ్యాక చూద్దామనుకోకండి. ముందు డాక్టరుకి చూపించుకోండి.